రెండో ముక్క

అట్‌బాషిలో వేసవి పొద్దు
ఎనిమిదిన్నర దాటితే గానీ గూకదు.
ఫొటోకు పనికొచ్చే వెలుగు ఎనిమిదింటికి వస్తుంది,
అప్పడగడానికొచ్చి నోరు పెగలని మనిషిలా
గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి
వెళ్ళిపోతుంది.

ఆ కాసేపట్లో బురుల్చా చేతులు తీశాను.
కత్తి, సుద్దగీత, ఒకదాని మీదొకటి రెండు ఉన్ని పొరలు.
లెన్సును నోరారా తెరిచి
గోళ్ళ మీద పదును నిలిపి
వెనకున్నదంతా వెన్నలా కరగనిచ్చాను.
నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

రాత్రి టీ, రొట్టె, ఎండు ఆప్రికాట్లు.
తొమ్మిదో తరగతి మనవరాలు బెగిమాయ్
మా ఇద్దరికీ కలిపి ఒక నాలుక.
బురుల్చా కళ్ళద్దాలు తుడుచుకుని
సంతలో గొర్రె పళ్ళు చూసినట్టు
లాప్‌టాప్ మీదికి వంగింది.

"ఈ ఎరుపు ఎవరిది?"
మీదే, అన్నాను.
లేచి వెళ్ళి తివాచీ చుట్ట తెచ్చి
పక్కనే విప్పింది.
మంజిష్ఠ వేరు, పటిక, మూడు రాత్రుల నాన,
పదేళ్ళ పొయ్యి పొగ.
దాని పక్కన నా ఎరుపు
పిలవని పెళ్ళికొచ్చి ముందు వరసలో కూర్చుంది.
రంగు మీటను వెనక్కి లాగాను.
"ఇంకా."
లాగాను.
"ఇంకా."
అప్పుడు కనబడింది, గుమ్మం పక్క ఎండుగడ్డి రంగు.
ఆ అరుపు కింద
అది ఇంతసేపూ ఏదో చెబుతూనే ఉంది.

"ఈ మబ్బెవరు?"
చేతుల వెనక తెల్లటి మసక.
బెగిమాయ్ కిసుక్కుమంది. "మా అమ్మ."
మైరమ్, పాల బకెట్‌తో వస్తోంది అప్పుడు.
నేను చూడనే లేదు,
మసక బాగుంది అనుకున్నానంతే.
"ఏడు ఆవుల్ని పిండి వస్తున్న మనిషిని పొగ చేశావే!"
చూపు ఒకచోట ఆగాలంటే
మిగతాది తగ్గాలని వివరించబోయాను.
పిల్ల ఎంత అందించిందో ఏమో,
జవాబు మాత్రం పొట్టిగా వచ్చింది:
"నేను సూది చూస్తూనే
పొయ్యి మీద పాలూ చూస్తాను."

తరవాతి ఫొటోకు నాకు ధీమా.
నీలి తలుపు, గుర్రం, వెనక కొండ.
తొమ్మిది గళ్ళ లెక్కలో
గుర్రం కన్ను సరిగ్గా గీతలు కలిసేచోట.
ఆమె చాలాసేపు చూసింది.
"పిడకలేవి?"
కత్తిరించాను.
"డిష్షు, గ్యాసు బండ?"
అవీ.
"కత్తిరించిన ముక్కతో ఏం చేశావు?"

తివాచీ అంచు ఎత్తి చూపించింది.
ఎరుపు మీద బూడిద రంగు పరిచి
రెంటినీ ఒకే కోతలో కోస్తుంది.
ఎర్ర పొట్టేలు కొమ్ము బూడిద గుంటలోకి,
బూడిద కొమ్ము ఎర్ర గుంటలోకి.
కవలలు పుడతాయి, పీచు కూడా మిగలదు.
ఒకటి ఇక్కడ,
రెండోది నారిన్‌లో పెద్ద కూతురింట్లో.
ఇక్కడి ఖాళీ అక్కడ కొమ్ము.

నా దగ్గరేముంది చూపించడానికి,
చెత్తబుట్ట బొమ్మ తప్ప.

మర్నాడు మిట్టమధ్యాహ్నం,
ఫొటోలు తీసేవాళ్ళెవరూ లేవని వేళ,
నిన్నటి అడుగుల్లోనే నిలబడి
ఎడమకు తిరిగాను.
ఛాతీ ఎత్తు పిడకల గోడ, అంటే వచ్చే చలికాలమంతా.
గ్యాసు బండ. డిష్షు మీద పిచ్చుక.
దూడతో తగువాడుతున్న మైరమ్.
లెన్సును చిన్న కంత దాకా మూశాను.
గోడ పగులు కూడా గట్టిగా వచ్చింది.
మంచి ఫొటో కాదు, నాకు తెలుసు.
నీడలు మైరమ్ కళ్ళ కింద గుంటలు తవ్వాయి,
దూడ తోక ఫ్రేములోకి రాలేదు.

రెండూ అచ్చు వేయించి నారిన్ నుంచి పంపాను.
వారానికి బెగిమాయ్ రాసింది:
నానమ్మ రెంటినీ పక్కపక్కన పెట్టి
వేలితో అతుకు తడిమిందట.
మధ్యలో ఒక అడుగు నేల
ఎటూ పడలేదట.
మా కుక్క పడుకునేది అక్కడే.